చెక్క తమ్ముడు

ధడ్. కాసేపటికి మళ్ళీ, ధడ్. ఆ కాసేపులో మనిషి ఒక గుటక మింగవచ్చు, ముక్కు తుడుచుకోవచ్చు, ఎదురుగా కూర్చున్నవాళ్ళను ఒకసారి చూసి చూపు తిప్పుకోవచ్చు. అంత ఎడం ఉందంటే మా చెల్లి రెండు చేతులూ రెండు బటన్ల మీద పెట్టి నొక్కుతోందన్నమాట. కొట్టనీ, అలాగే నిమ్మళంగా కొట్టనీ. నేను వేదిక మీద చివరి కుర్చీలో కూర్చుని, గోడ అవతలినుంచి వచ్చే ఆ చప్పుడుకు చెవి అప్పగించి, మిగతా ఒళ్ళంతా ఈ సభకు వదిలేశాను. వేదిక అంటే పెద్ద వేదికేమీ కాదు. డబ్బా మూతల అట్టపెట్టెలు పేర్చే కొట్టంలో పెట్టెలన్నీ గోడలకు నెట్టి, నాలుగు బల్లలు కలిపి, పైన ఒక తివాచీ పరిచారు. బల్లకీ బల్లకీ మధ్య సందు ఉంది, తివాచీ కింద కనపడదు, పోయిన ఏడు అందులో నా చెప్పు దిగి పడబోయాను. భద్రతా దినం నాడు వేదిక మీద పడితే ఎంత బావుండేదో అని తర్వాత వారం రోజులు టీ గదిలో నవ్వుకున్నారు. మిషన్లన్నీ ఆపేశారు, ఒక్క మూల ప్రెస్సు తప్ప. ఎక్కడికో అర్జంటుగా మూతలు పోవాలట. దానిమీద మా చెల్లి, పక్కన మూతలు పేర్చే మనిషి ఒకామె, అంతే. మిగతా కార్ఖానా మొత్తం ఇక్కడ కూర్చుని మనిషి ప్రాణం ఎంత విలువైనదో మేనేజరుగారి నోట వింటోంది. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ముందు వరసలో బిస్కెట్టును రెండుగా విరిచి, సగం నోట్లో వేసుకుని, మిగతా సగం పట్టుకుని నా చేతివైపు చూసి, ఆ సగాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

నా కుడి చెయ్యి ఒళ్ళో ఉంది. ఉంది అనకూడదు. మణికట్టు దగ్గర తోలు మడిచి కుట్టిన మొండి ఒకటి ఉంది, దాని చివర నా పిడికిలి బిగుసుకుని ఉంటుంది, అది నాకు తప్ప ఎవరికీ కనపడదు. ఆ రోజునుంచీ అది విచ్చుకోలేదు. లేని గోళ్ళు లేని అరచేతిలోకి దిగుతుంటాయి. కొన్నాళ్ళు ఎడమ చేత్తో దాన్ని విప్పాలని చూశాను, గాలిలో వేళ్ళు తిప్పుతుంటే మా ఆయన చూసి, పిచ్చి కూడా పట్టిందా, అదొక్కటే తక్కువ అన్నాడు. ఎడమ చేత్తో అంటున్నాను కానీ దాంతో నాకు పెద్దగా మాటల్లేవు. దాంతోనే తింటాను, దాంతోనే కడుక్కుంటాను, టీ గ్లాసులు దాంతోనే తుడుస్తాను, అయినా అది నాకు ఎదురింటి గయ్యాళిలాంటిది. ఎందుకంటే చేసింది అదే. ఆ రోజు మూత అచ్చులో అతుక్కుంది, కుడి చెయ్యి లోపలికి వెళ్ళి దాన్ని గీకుతోంది, కళ్ళు దానిమీదే ఉన్నాయి, బుద్ధి కూడా దానిమీదే ఉంది, ఈ ఎడమ చేతి బొటనవేలుకు మాత్రం బుద్ధితో పనిలేదు, పొద్దుటినుంచీ నొక్కీ నొక్కీ అలవాటుపడింది, వంతు వచ్చిందనుకుంది, నొక్కింది. నొప్పి వెంటనే తెలియలేదు. మూత మీద పడితే రేకు ఖంగున మోగుతుంది కదా, ఈసారి మోగలేదేమిటి అనుకున్నాను. అదే నాకు గుర్తున్న మొదటి ఆలోచన, మోగలేదేమిటి అని.

ప్రెస్సుకు కుడివైపు ఒక బటను, ఎడమవైపు ఒక బటను. రెండూ కలిపి నొక్కితేనే పైనున్న దిమ్మ దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే ఏ చెయ్యీ దిమ్మ కింద ఉండదు, అదీ దాన్ని తయారుచేసినవాడి తెలివి. ఆ తెలివికి విరుగుడు మా దగ్గరుంది. విరిగిన సుత్తి పిడిలోంచి చెక్కిన ముక్క, బొటనవేలంత ఉంటుంది. దాన్ని కుడి బటను అంచున సందులో దూరిస్తే బటను నొక్కినట్టే ఉండిపోతుంది. ఇక ఎడమ చెయ్యి ఒక్కటీ నొక్కుతుంటే చాలు, కుడి చెయ్యి రేకు పెడుతూ మూత తీస్తూ తీరుబడిగా లోపలా బయటా తిరుగుతుంది, మూతలు రెట్టింపు పడతాయి. దాని పేరు తమ్ముడు. అక్కా, నువ్వు మూతలు చూసుకో, ఈ బటను సంగతి నేను చూసుకుంటా అని కూర్చుంటాడు కనక తమ్ముడు. పొద్దున షెడ్డులో పలకరింపులే అవి, తమ్ముణ్ణి కూర్చోబెట్టావా, మీ తమ్ముడు ఇవాళ అలిగాడా, మా తమ్ముడికి ఈ ఎండల్లో ఒళ్ళు ఉబ్బింది, కాస్త గీకాలి. ప్రెస్సు ఒకరినుంచి ఒకరికి మారితే తమ్ముడు కూడా మారతాడు. నేను చేరిన రోజున నాకు దాన్ని చేతిలో పెట్టింది ఈల. ఈల అంటే మా మేస్త్రీ, ఎవరి చెయ్యి నెమ్మదించినా వెనకనుంచి సన్నగా ఈల వేస్తాడు, అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో. మొగుణ్ణి ఇంట్లో మర్చిపోయి రా, పర్లేదు, వీణ్ణి మాత్రం మర్చిపోకు అన్నాడు. నేను నవ్వాను. నాకంటే ముందు ఎన్ని చేతుల జిడ్డు తాగిందో, ఆ చెక్క నల్లగా, పాలరాయిలా నున్నగా ఉండేది. ఒక చివర నా పంటి గాటు కూడా ఉంది, నూనె చేతులతో లాగలేక ఒకసారి పళ్ళతో పట్టి పీకాను.

ఆ రోజు నా కేక విని ఈల పరిగెత్తుకొచ్చాడు. నా దగ్గరికే అనుకున్నాను. ముందు తమ్ముణ్ణి పీకి జేబులో వేసుకున్నాడు, ఆ తర్వాత నావైపు తిరిగి, అయ్యో ఎంత పని చేసుకున్నావే అన్నాడు. చేసుకున్నావే అన్నాడు. ఆ ఒక్క మాట దగ్గర మొదలైంది అంతా. రెండు బటన్లూ సరిగ్గానే ఉన్నాయి, మిషనులో దోషం లేదు, మనిషి పరధ్యానం అన్నారు. నన్ను బండి ఎక్కించి గేటు దాటించేలోపే ప్రెస్సు మళ్ళీ కొట్టడం మొదలెట్టింది. పక్కన మూతలు పేర్చే ఆమెను నా బల్ల మీద కూర్చోబెట్టాడట. బండిలో పడుకుని విన్నాను, అది నా చప్పుడు కాదు. ఒక్కొక్క చేతికి ఒక్కో నడక ఉంటుంది, మనిషి నడకలాగే, చూడక్కర్లేదు, వింటే చాలు ఎవరో తెలిసిపోతుంది. నా ఒంట్లో నెత్తురు ఇంకా కారుతోంది, నా బల్ల మీద ఇంకొకరి నడక. తడిసిన మూతల్ని కడిగి, ఆరబెట్టి, పెట్టెల్లో వేసి పంపేశారని టీ గది పిన్ని తర్వాత చెప్పింది. పారేస్తారేమిటే, పిచ్చిదానా, మంచి రేకు అంది. ఏ ఇంట్లోనో ఏ డబ్బా మీదో అవి బిగుసుకుని ఉంటాయి. మా ఇంట్లోనూ మా మూతలే. డబ్బా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, చెంచా కాడతో ఎగదన్నితే గానీ రావు.

ధడ్. ధడ్. ఇంకా నిమ్మళంగానే ఉంది. తమ్ముడు నా కోటు జేబులో ఉన్నాడు. ఎడమ చెయ్యి లోపల పెట్టి తడిమి చూసుకున్నాను, పంటి గాటు దొరికింది. పొద్దున బట్టలు మార్చుకునే గదిలో మా చెల్లి కోటు కొక్కేనికి తగిలించి జడ వేసుకుంటోంది. జేబులోంచి వీడి తల బయటికి వచ్చి కనపడింది. అది ఏదో ఒక చెక్క అయితే ఏమో గానీ, వీణ్ణి చూడగానే లేని పిడికిలి ఇంకా బిగుసుకుంది. ఈల దాచి దాచి, పేర్చే ఆమెకిచ్చి, ఆమె పేర్చే పనికే పోయాక మా చెల్లి చేతిలో పెట్టాడన్నమాట, ఇంటి సొత్తు ఇంట్లోనే ఉండాలన్నట్టు. చెల్లి అద్దంలోకి చూస్తున్నప్పుడు తీసేశాను. ఒంటి చెయ్యి కూడా దొంగతనానికి బాగానే పనికొస్తుంది. తమ్ముడు లేకపోతే చచ్చినట్టు రెండు చేతులతో కొడుతుంది, ఈ ఒక్కరోజుకైనా. పైగా ఇవాళ తనిఖీ పెద్దమనిషి ముందు వరసలో కూర్చుంటాడు, మైకు నా చేతికి వస్తుంది, అప్పుడు వీణ్ణి తీసి ఆ బిస్కెట్ల పళ్ళెంలో పెడతాను. ఇదిగో అయ్యా, నా పరధ్యానం ఇది అంటాను. ఆ మాట పొద్దుటినుంచీ నాలుక కింద దాచుకుని తిరుగుతున్నాను. ఆ తర్వాత టీ గది ఉద్యోగం ఉండదు, కార్ఖానా వాళ్ళిచ్చిన వరస గది ఉండదు, చెల్లికి ప్రెస్సు ఉండదు, మా ఆయన ఏమంటాడో నాకు తెలుసు. కానీ చెల్లికి వేళ్ళు ఉంటాయి. అంతే నాకు కావలసింది.

అది నా మాట వింటే ఇదంతా ఎందుకు? ప్రెస్సు మీద చేరతానన్నప్పుడు వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను. నువ్వు తొందరపడ్డావక్కా, నేను పడను అంది. నేను తొందరపడలేదే, ఈ తమ్ముడే లేకపోతే ఏమీ అయ్యేది కాదే అని జరిగింది జరిగినట్టు చెప్పాను. అది నావైపు ఒకలా చూసింది. మరి ప్రతి ఏడూ మైకు పట్టుకుని తప్పు నాదే అని చెప్పింది నువ్వే కదా, ఇప్పుడు నేను చేరతాననేసరికి మాట మారుస్తావేం అంది. వెనక వరసలో పిల్లగా కూర్చుని విన్నది, నమ్మింది. అందరూ నమ్మారు. ఏడాదికొకసారి చెప్పిన అబద్ధం మిగతా రోజుల్లో దానంతట అదే తిని పెరిగింది.

సభ మొదలవకముందు కొట్టం గుమ్మంలోకి వచ్చింది చెల్లి, కోటు జేబులు బయటికి లాగి ఉన్నాయి.

"అక్కా, మా తమ్ముణ్ణి చూశావా?"

"లేదు."

"పొద్దున జేబులోనే ఉన్నాడు. ఎక్కడ పడ్డాడో. ఈల నా తోలు తీస్తాడు."

"రెండు చేతుల్తో కొట్టు. అరిగిపోవులే."

"గ్లాసులు తుడుచుకుంటూ నువ్వు ఎన్నయినా చెప్తావు. సరేలే, ఏదో ఒకటి దూరుస్తా."

"ఏదో ఒకటి అంటే?"

"అబ్బ, నీకెందుకు? పో, వేషానికి టైమైంది. చెయ్యి ఇటు చూపించు, గోళ్ళు బాగా వచ్చాయా? ఫోటోలో పడతాయి."

నా ఎడమ చెయ్యి పట్టుకుని వేళ్ళు తిప్పి చూసుకుని, తన పనితనానికి తనే మురిసి, వెళ్ళిపోయింది. నిన్న సాయంత్రం గడప మీద కూర్చోబెట్టి కత్తిరించింది. ఒక చెయ్యి పోతే ఆ చేతి గోళ్ళు పోతాయి, ఉన్న చేతి గోళ్ళు తీయడానికి మాత్రం మనిషి కావాలి, ఈ సంగతి చేతులున్నవాళ్ళకు తట్టదు. మొదట్లో మా ఆయన తీసేవాడు, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, పసిపిల్లకు తీసినట్టు. ఒకరోజు కండ తెగింది. నేను ఇస్ అన్నాను. కత్తెర గోడకేసి కొట్టి, నేను పెళ్ళాన్ని తెచ్చుకున్నానా, దత్తత తెచ్చుకున్నానా అన్నాడు. ఆ తర్వాత నా కుడివైపు పడుకోవడం కూడా మానేశాడు. ఆ మొండి తగిలితే నిద్రలో ఎవరో పిల్లి తల పెట్టినట్టు ఉంటుందట. అప్పటినుంచీ గోళ్ళు చెల్లివి. అంటే, తీసేది చెల్లి.

మేనేజరుగారు గొంతు సవరించుకుని, మన కుటుంబం, మన కుటుంబ సభ్యురాలు అంటున్నారు, అంటే నా వంతు దగ్గరికి వస్తోంది. మొదటి ఏడాది ఆయన గదిలో నన్ను నిలబెట్టి నేర్పించారు. ఏడవద్దమ్మా, ఏడిస్తే జనం భయపడతారు, భయపడితే చేతులు వణుకుతాయి, చేతులు వణికితే మళ్ళీ ప్రమాదమే కదా, కొంచెం నవ్వించాలి అన్నారు. నవ్వే మాట కూడా ఆయనే ఇచ్చారు. దేవుడు ఒక మేలు చేశాడండీ, గోళ్ళు తీసుకునే పని సగం తగ్గించాడు. మొదటిసారి చెప్పినప్పుడు కొట్టం కొట్టమంతా నవ్వింది. అంత నవ్వు నా మొత్తం జన్మలో నేను ఎవరికీ తెప్పించలేదు. సిగ్గుచేటు ఏమిటంటే నాకూ కాస్త బాగానే అనిపించింది. ఇప్పుడు ఆ మాట వస్తుందని ముందే తెలిసి, దానికోసం ఎదురుచూస్తారు. ఒంటిరెక్కా, ఈసారి కొత్తది చెప్పవే అని అడుగుతారు. ఒంటిరెక్క నా పేరు. వేదిక కింద పెద్ద కెటిల్ పెట్టుకుని కూర్చున్న టీ గది పిన్ని తలెత్తి కన్నుగీటింది.

"ఒంటిరెక్కా, కళ్ళు తుడుచుకునే చోటు వస్తే కాస్త ముందే చెప్పవే. కెటిల్ కింద పెట్టేస్తా. ఆ టైములో టీ పోస్తే బావుండదు."

ధడ్ ధడ్ ధడ్.

మారింది. ఎప్పుడు మారిందో, గోళ్ళ గొడవలో పడి వినలేదు. ధడ్ ధడ్ ధడ్, చిన్న ఆగుడు, మళ్ళీ ధడ్ ధడ్ ధడ్. అది మా చెల్లి నడక. మూడు కొడుతుంది, మణికట్టుతో జుట్టు చెవి వెనక్కి తోసుకుంటుంది, మళ్ళీ మూడు. రెండు చేతులతో కొట్టేవాళ్ళకు ఆ పరుగు రాదు. దూర్చింది. ఏదో దూర్చింది. ఏం దూర్చి ఉంటుంది? చెక్క దొరకదు, షెడ్డులో ఉన్నదంతా ఇనుమూ రేకూ. చేతికి అందేది ఒక్కటే, మూత. వంకరపోయిన మూతను నాలుగు మడతలు పెట్టి బటను పక్కన కుక్కి ఉంటుంది. చెక్క అయితే కరుచుకుంటుంది, కదలదు. రేకుకు నూనె తగిలితే జారుతుంది. జారితే బటను పైకి వస్తుంది, ఎడమ చెయ్యి నొక్కినా దిమ్మ దిగదు. దిగలేదేమిటి అని ఎడమ చెయ్యి నొక్కి పట్టే కుడి చెయ్యి లోపల పెడతాం కదా, మిషను అదురుకు ఆ రేకు మళ్ళీ సందులోకి జారిందా, అప్పుడు దిగుతుంది. ఇది నా తలకు ఇప్పుడు తట్టింది, పొద్దున కోటు జేబులో చెయ్యి పెట్టినప్పుడు తట్టలేదు. ధడ్ ధడ్. ఒక దెబ్బ తప్పింది. ధడ్. వచ్చింది, ఆలస్యంగా వచ్చింది, ఖంగున మోగింది. మోగితే మూతే. నేను కుర్చీలోంచి సగం లేచాను. మేనేజరుగారు మైకు మీదనుంచి కళ్ళు తిప్పకుండానే, ఇంకా అవలేదు, కూర్చో అన్నట్టు చెయ్యి ఊపారు. గుమ్మంలో ఈల నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని, లోపలికి ఒక చెవి, బయటికి ఒక చెవి. ఆ పరుగు చప్పుడు వింటూ కొంచెంగా నవ్వుతున్నాడు కూడా.

పిన్ని రెండు గ్లాసులు పళ్ళెంలో పెట్టి లేచింది.

"మూల ప్రెస్సు వాళ్ళకు టీ ఇచ్చొస్తా. మీ చెల్లికి ఏమైనా చెప్పాలా?"

అప్పుడు నా చేతిలోనే ఉన్నాడు తమ్ముడు. వంగి, ఇదిగో దీన్ని దానికివ్వు అని ఆ పళ్ళెంలో గ్లాసు చాటున పెడితే అయిపోయేది. చెక్క దూరుస్తుంది, రేకు తీసేస్తుంది, కనీసం జారడం తప్పుతుంది. పిన్ని అడగదు కూడా, తమ్ముడు ఒకరి దగ్గరినుంచి ఒకరికి పోవడం ఆవిడ రోజూ చూసేదే. కానీ ఇచ్చేస్తే నేను ఏం చూపించాలి? ఒట్టి చేత్తో, అదీ ఒంటి చేత్తో, మైకు ముందు నిలబడి తమ్ముడు తమ్ముడు అంటే తనిఖీ పెద్దమనిషి నా తోబుట్టువు ఎవరో అనుకుంటాడు. ఇంకెంతసేపు, మేనేజరుగారు కుటుంబం దాకా వచ్చేశారు, ఇక పిలుస్తారు, నేను చెప్తాను, ప్రెస్సు ఆపిస్తారు. కాసేపు. ఒక్క కాసేపు. వేళ్ళు బిగించాను.

"రెండు చేతుల్తో కొట్టమను పిన్నీ. నా మాటగా చెప్పు."

"చెప్తాలే. పనిలో పనిగా ఈలను ఈల మానెయ్యమని కూడా చెప్తా."

వెళ్ళింది. చప్పుడు ఆగింది, టీ తాగుతున్నారన్నమాట, ఆ ఆగుడుకు నాకు నిద్ర వచ్చినంత హాయిగా అనిపించింది. ఇంట్లో కూడా దానికి టీ వేడిగా ఉండకూడదు, ఊదుకుంటూ ఊదుకుంటూ తాగుతుంది, గ్లాసును రెండు చేతుల మధ్య పెట్టుకుని, పది వేళ్ళూ దాని చుట్టూ. తాగవే, నెమ్మదిగా తాగు, ఊదుకుని తాగు. ధడ్ ధడ్ ధడ్. తాగేసింది. పిన్ని వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని గుసగుసగా చెప్పింది.

"చెప్పానే. నవ్వింది. నా వేళ్ళ సంగతి నేను చూసుకుంటా, అక్కను తన మాటలు మర్చిపోవద్దను అంది. అయినా దానికేం కాదులే, నీలా పరధ్యానం మనిషి కాదు."

నా పేరు పిలిచారు. పేరు అంటే ఒంటిరెక్క అని కాదు, మన సోదరీమణి అన్నారు. లేచాను, మైకు దగ్గరికి నడిచాను, సందు ఉన్నచోట అడుగు వెడల్పుగా వేశాను, అంత జాగ్రత్త ఉంది నాకు. కోటు చెయ్యి పైకి లాగి మొండి చూపించాలి, అదీ మొదటి పని, లాగాను. ముందు వరసలో ఒకామె నాలుక కరుచుకుంది. నేను ఈ కార్ఖానాలో మూల ప్రెస్సు మీద పని చేసేదాన్నండీ. ధడ్ ధడ్ ధడ్, జుట్టు. మాకు రెండు బటన్లు ఇచ్చారండీ, రెండు చేతులూ వాటిమీదే ఉంచమని చెప్పారండీ. ధడ్ ధడ్ ధడ్, జుట్టు. ఇక్కడే చెప్పేద్దామా? తనిఖీ పెద్దమనిషి కిందికి చూస్తున్నాడు, చొక్కా మీద బిస్కెట్టు పొడి దులుపుకుంటున్నాడు. ఇప్పుడు తీస్తే చూడడు. ఈల చూస్తాడు, నాలుగు అంగల్లో వచ్చి లాక్కుంటాడు, జేబులో వేసుకోవడం వాడికి కొత్త కాదు. గోళ్ళ మాట చెప్పాలి. గోళ్ళ మాటకు అందరూ తలలెత్తుతారు, నవ్వుతారు, నవ్వేటప్పుడు మనుషులు నా ముఖంలోకే చూస్తారు, ఆయనా చూస్తాడు. ఆ నవ్వులో తీయాలి. ఎడమ చెయ్యి కోటు జేబులోకి వెళ్ళి సిద్ధంగా కూర్చుంది. దేవుడు ఒక మేలు చేశాడండీ అన్నాను. వెనక వరసల్లో అప్పుడే కిసకిసలు మొదలయ్యాయి. గోళ్ళు తీసుకునే పని సగం తగ్గించాడు.

కొట్టం నవ్వింది. పెద్దమనిషి తలెత్తాడు, ఆయనా నవ్వాడు, పళ్ళ మధ్య బిస్కెట్టు. ధడ్ ధడ్. రెండు. మూడోది రాలేదు. మా చెల్లి రెండు కొట్టి జుట్టు సర్దుకోదు. నవ్వు ఇంకా నడుస్తోంది, ఎవరో కుర్చీ మీద చరిచారు, నేను ఆ నవ్వు కిందికి చెవి దూర్చి వెతుకుతున్నాను, రావే, రా, ఎక్కడున్నావు. వచ్చింది. ఆలస్యంగా వచ్చింది. వచ్చింది కానీ మోగలేదు.

ఆ తర్వాత ఏమీ లేదు. కేక వేసిందేమో, ఈ నవ్వులో నాకు వినపడలేదు, నేను వేసినప్పుడు నాకూ వినపడలేదు. గుమ్మంలో ఈల లేడు. నవ్వు సన్నగిల్లి సన్నగిల్లి ఆగి, ఇప్పుడు అందరూ నా నోటివైపు చూస్తున్నారు. పిన్ని నా ముఖం చూసి, చోటు వచ్చిందనుకుని, చప్పుడు కాకుండా కెటిల్ కింద పెట్టేసింది. నా వేళ్ళ మధ్య తమ్ముడు చెమటకు జారుతున్నాడు. తీయి, ఇప్పుడు తీయి. తీస్తే ఏమంటాను? ఇది బటనులో ఉందని ఎలా అంటాను, ఇది నా జేబులో ఉంది. ఆ మడత పెట్టిన మూతను ఈల జేబులో కూడా వేసుకోనక్కర్లేదు, కింద గుట్టగా పడి ఉన్న వంకర మూతల్లోకి కాలితో నెట్టేస్తే చాలు. పోయినసారి చెక్కను తీయడానికి వాడు పరిగెత్తాడు. ఈసారి వాడికి ఆ శ్రమ లేకుండా పొద్దున్నే నేను తీసిపెట్టాను. పరిగెత్తాలి. కాళ్ళు ఎక్కడున్నాయి. మేనేజరుగారు చెప్పమ్మా, చెప్పు, పర్లేదు అంటున్నారు, మెత్తగా, కన్నీళ్ళు వస్తే రానీ, ఈ ఏడు పెద్దమనిషి ఉన్నాడు అన్నట్టు. గుమ్మంలోకి ఈల తిరిగి వచ్చాడు. నూలు పీచుతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఒక్కొక్క వేలూ విడివిడిగా తుడుచుకుంటున్నాడు. నావైపు చూడలేదు. మేనేజరుగారి వైపు చూసి తల ఊపాడు, చూసుకున్నాను అన్నట్టు.

బయట బండి స్టార్టయింది. గేటు వైపు తిరిగినట్టుంది, ఆ చప్పుడు దూరమవుతోంది. అప్పుడు గోడ అవతల, ధడ్. ధడ్ ధడ్. ధడ్. ధడ్ ధడ్ ధడ్ ధడ్. మూడు దగ్గర ఆగడం లేదు. జుట్టు లేదు. పేర్చే ఆమెది ఆ నడక.

నోరు కూడా ఎడమ చెయ్యిలాంటిదే. ఏళ్ళ తరబడి అలవాటుపడింది, వంతు వచ్చిందనుకుంది.

"తప్పు నాదేనండీ," అన్నాను. మైకులోంచి ఆ మాట వెళ్ళి వెనక గోడకు తగిలి నా దగ్గరికే వచ్చింది. "ఎవరిదీ కాదు. నాదే."

చప్పట్లు. పెద్దమనిషి కూడా లేచి నిలబడి కొట్టాడు. నేను దిగి పరిగెత్తబోయాను, మేనేజరుగారు అడ్డం వచ్చి నా ఎడమ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు, ఫోటోవాడు వంగాడు, వేళ్ళ చివర్లు శుభ్రంగా, గుండ్రంగా, నిన్న సాయంత్రపు గోళ్ళతో ఆయన అరచేతుల మధ్యనుంచి బయటికి కనపడుతున్నాయి. వదలండి బాబూ, మా చెల్లి అంటున్నాను, చప్పట్లలో నాకే వినపడటం లేదు. ఆయన నా చెవి దగ్గరికి వంగారు.

"ఈ ఏడు చాలా బాగా చెప్పావమ్మా. అచ్చం నిజంలాగే ఉంది."